కరెంట్ బిల్లు: రోజుకు ఏడున్నర యూనిట్లు.. ఆ గీత దాటకుండా ఏసీ, ఫ్యాన్, ఫ్రిజ్ కలిపి వాడే లెక్క ఇదీ

వేసవి వచ్చిందంటే బాపట్ల జిల్లా తీర మండలాల్లో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పిట్టలవానిపాలెం, చందోలు, ఖాజీపాలెం.. ఏ ఊరు చూసినా సాయంత్రం ఒంటి మీద చెమట ఆరదు. ఒకప్పుడు పట్నాల్లోనే కనిపించిన ఏసీ ఇప్పుడు పల్లెల్లో డాబా ఇళ్లకూ వచ్చేసింది. దాని వెనకే మే, జూన్ నెలల బిల్లూ వచ్చేసింది. వాడకం మూడో వంతు పెరిగితే బిల్లు మాత్రం దాదాపు మూడింట రెండొంతులు పెరుగుతోంది.

దీనికి కారణం ఏసీ ఒక్కటే కాదు. ఏసీ దారి ఏసీది, ఫ్యాన్ దారి ఫ్యాన్‌ది, ఫ్రిజ్ దారి ఫ్రిజ్‌ది అన్నట్టు నడవడం కూడా కారణమే. ఒక మెషీన్ చేసిన పనిని ఇంకోటి చెడగొడుతుంది. వాటిని జత కలిపి వాడితే కొత్తగా ఏమీ కొనకుండానే బిల్లులో పెద్ద కోత పడుతుంది. ఎంత పడుతుంది? ఎలా? లెక్కతో సహా చూద్దాం.

ముందు స్లాబ్ సంగతి తెలుసుకోవాలి

పిట్టలవానిపాలెం మండలానికి కరెంట్ సరఫరా చేసేది విజయవాడ కేంద్రంగా ఉన్న ఏపీ సెంట్రల్ డిస్కం, అంటే ఏపీసీపీడీసీఎల్. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 టారిఫ్ ఉత్తర్వులో ఇళ్లకు ప్రకటించిన స్లాబులు ఇవి:

- 30 యూనిట్ల వరకు: యూనిట్‌కు రూ.1.90
- 31 నుంచి 75 వరకు: రూ.3
- 76 నుంచి 125 వరకు: రూ.4.50
- 126 నుంచి 225 వరకు: రూ.6
- 226 నుంచి 400 వరకు: రూ.8.75
- 400 దాటితే: రూ.9.75

వీటికి తోడు కిలోవాట్‌కు రూ.10 చొప్పున ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీలు ఉంటాయి. ఈ కథనంలోని లెక్కలన్నీ యూనిట్ చార్జీ వరకే.

చాలామందిలో ఓ అపోహ ఉంది. 225 దాటి ఒక్క యూనిట్ కాలినా మొత్తం యూనిట్లన్నింటికీ పెద్ద రేటు పడుతుందనుకుంటారు. పాత టారిఫ్‌లో ఏ, బీ, సీ అని గ్రూపులు ఉండేవి. గ్రూపు మారితే లెక్క మొదటి నుంచీ మారిపోయేది. ఆ భయం అప్పటిది. 2022-23లో గ్రూపులు తీసేశారు. ఇప్పుడు ఏ స్లాబ్‌లో పడ్డ యూనిట్లకు ఆ స్లాబ్ రేటే.

మరి ఇందులో వినియోగదారుడికి కలిసొచ్చేది ఏంటి? ఆదా చేసిన ప్రతి యూనిట్ పై మెట్టు నుంచే తగ్గుతుంది. నెలకు 300 యూనిట్లు కాలే ఇంట్లో ఒక యూనిట్ మిగిలిందంటే మిగిలింది రూ.1.90 కాదు.. రూ.8.75.

300 యూనిట్లకు యూనిట్ చార్జీ రూ.1,673. 225 యూనిట్లకు రూ.1,017. అంటే వాడకం 25 శాతం తగ్గితే చార్జీ 39 శాతం తగ్గుతుంది. 225ను 30 రోజులకు పంచితే రోజుకు ఏడున్నర యూనిట్లు. వేసవిలో ఏసీ ఉన్న ఇల్లు గుర్తుపెట్టుకోవాల్సిన గీత ఇదే.

300 యూనిట్లు ఎక్కడ కాలుతున్నాయి?

ఉదాహరణకు నలుగురున్న ఓ ఇల్లు అనుకుందాం. ఒక ఏసీ, మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటార్, వాషింగ్ మెషీన్ ఉన్నాయి. మే నెలలో లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

- టన్నున్నర ఏసీ, రాత్రికి 5 గంటలు: 135 యూనిట్లు
- పాత ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 12 గంటలు: 81
- ఫ్రిజ్: 30
- సెట్‌టాప్ బాక్స్, వైఫై రూటర్, 24 గంటలూ: 14
- టీవీ: 10
- నీళ్ల మోటార్, రోజుకు అరగంట: 7 నుంచి 8
- ఇస్త్రీ పెట్టె, రోజుకు పావుగంట: 7 నుంచి 8
- ఎల్ఈడీ లైట్లు: 7
- వాషింగ్ మెషీన్, మిక్సీ, గ్రైండర్: 9

మొత్తం 300 దగ్గర తేలుతుంది. ఈ జాబితాలో ఆశ్చర్యపరిచేవి రెండు. ఏసీ తర్వాత ఎక్కువ తినేది ఫ్రిజ్ కాదు, ఫ్యాన్లు. ఇక టీవీ కంటే దాని కింద మినుకుమంటున్న బాక్సులే ఎక్కువ తింటున్నాయి.

లైట్ల వాటా ఇంత చిన్నదవడం వెనక ఓ చరిత్ర ఉంది. 2014-15లో రాష్ట్రంలో ఇంటింటికీ ఎల్ఈడీ బల్బుల పంపిణీకి మొదటి విడతలో ఎంచుకున్న జిల్లాల్లో ఉమ్మడి గుంటూరు ఒకటి. పిట్టలవానిపాలెం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. 60 వాట్ల పాత బల్బు పోయి 9 వాట్ల బల్బు వచ్చాక లైట్లలో ఆదా చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. లైట్ ఆపమని పిల్లల్ని కోప్పడే ఇంట్లోనే ఖాళీ గదిలో ఫ్యాన్ తిరుగుతుంటుంది. ఆ ఒక్క పాత ఫ్యాన్ ఎనిమిది ఎల్ఈడీ బల్బులతో సమానం.

మొదటి జోడీ: ఏసీ, ఫ్యాన్

ఏసీ గదిలోని గాలిని చల్లబరుస్తుంది. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఒంటి మీది చెమటను ఆరబెట్టడమే దాని పని. ఈ తేడా తెలిస్తే రెండింటినీ ఎలా కలపాలో తెలిసిపోతుంది.

ఏసీ వేసి ఫ్యాన్ ఆపేస్తే చల్లగాలి గది మూలలకు చేరదు. దాంతో చేయి రిమోట్ మీదకు వెళ్లి 22 పెడుతుంది. అదే ఏసీ 26లో ఉంచి, ఫ్యాన్ రెండో నంబర్ మీద తిప్పితే ఒంటికి దాదాపు అదే హాయి. కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అంచనా ప్రకారం ఏసీ సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంట్ మిగులుతుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల మీదే మొదలవ్వాలన్న నిబంధన వచ్చింది కూడా ఇందుకే.

22 నుంచి 26 అంటే నాలుగు డిగ్రీలు. 135 యూనిట్లలో దాదాపు 32 మిగులుతాయి.

ఇంకో మెట్టు ఉంది. తెల్లవారుజామున బయటి గాలి ఎలాగూ చల్లబడుతుంది. స్లీప్ టైమర్‌తో ఏసీ ఓ గంట ముందే ఆగేలా పెట్టి, ఫ్యాన్ నడవనిస్తే గదిలో చల్లదనం లేచేదాకా సరిపోతుంది. ఆ గంటకు నెలకు మరో 20 యూనిట్లు మిగులుతాయి.

అందరూ ఏసీ గదిలో పడుకున్నప్పుడు హాల్లో ఫ్యాన్ తిరుగుతుంటే అది ఎవరికీ ఉపయోగపడదు. మనిషి లేని గదిలో ఫ్యాన్ చేసే పని ఏమీ లేదు.

వానలు పడ్డాక, జూలై నుంచి సెప్టెంబర్ దాకా, వేడి కంటే తేమే సమస్య. అప్పుడు ఏసీలోని డ్రై మోడ్ పనికొస్తుంది. గాలిలో తేమ లాగేసి, మామూలు కూల్ మోడ్ కంటే తక్కువ కరెంట్‌తో ఉక్క తగ్గిస్తుంది. దానికీ ఫ్యాన్ తోడుండాలి.

ఏసీ గదిలో కూలర్ వద్దే వద్దు

కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. పడమర గాలి తోలే రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో కూలర్ బాగానే పనిచేస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి మళ్లాక మాత్రం అదే కూలర్ గదిలో ఉక్క పెంచుతుంది. అప్పుడు నీళ్ల పంపు ఆపేసి, కిటికీ తీసి, ఉత్త ఫ్యాన్‌లా వాడుకోవడం మేలు.

ఇక ఏసీ, కూలర్ ఒకే గదిలో వేస్తే నష్టం రెండింతలు. కూలర్ తేమను గదిలోకి వదులుతుంది. ఆ తేమను బయటికి పంపడానికి ఏసీ అదనంగా కష్టపడుతుంది. రెండూ కరెంట్ తింటాయి, ఒకదాని పనిని ఒకటి రద్దు చేసుకుంటాయి.

ఏసీ నడుస్తున్న గదిలో ఇస్త్రీ చేయడం కూడా ఇలాంటిదే. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె విడిచే వేడినంతా తోడాల్సింది ఏసీనే. వంటింటి తలుపు తీసి ఉంచి హాల్లో ఏసీ వేసినా అంతే.

తీరం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలి ఏసీ బయటి యూనిట్‌ను త్వరగా తుప్పు పట్టిస్తుంది. దాని రేకుల్లో దుమ్ము, ఉప్పు పేరుకుంటే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువ సేపు నడుస్తుంది. సీజన్‌కు ముందు సర్వీసింగ్, పదిహేను రోజులకోసారి లోపలి ఫిల్టర్ కడగడం.. ఈ రెండూ మానకూడదు.

ఫ్రిజ్, పొయ్యి, గోడ

ఫ్రిజ్ లోపలి వేడిని తీసి బయటికి వదులుతుంది. ఆ వేడి పోవడానికి దారి ఉండాలి. గోడకు ఆనించి పెట్టినా, పొయ్యి పక్కన పెట్టినా, పడమటి ఎండ కొట్టే గోడ దగ్గర ఉంచినా కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. వెనక, పక్కల కాస్త ఖాళీ వదలాలి.

వేడి పప్పు, వేడి పాలు నేరుగా లోపల పెడితే వాటిని చల్లార్చే ఖర్చు మీటర్‌దే. ఫ్యాన్ కింద చల్లారాక పెడితే ఆ పని ఎలాగూ తిరుగుతున్న ఫ్యానే చేస్తుంది. అలాగని గంటల తరబడి బయట ఉంచకూడదు, వేసవిలో పాడైపోతుంది.

రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేస్తే ఆదా అవుతుందన్నది కూడా అపోహే. పొద్దున్న మళ్లీ మొత్తం చల్లబరచడానికి ఎక్కువ సేపు నడుస్తుంది, పైగా లోపలి పదార్థాలు చెడిపోయే ప్రమాదం. రాత్రి ఎవరూ తలుపు తీయరు కాబట్టి ఫ్రిజ్ తక్కువ కరెంట్ తినేది అప్పుడే.

మోటార్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె

ఈ మూడింటి వాడకం తక్కువ సేపే కానీ కరెంట్ లాగడం ఎక్కువ. ఇక్కడ కిటుకు ఒక్కటే.. పనిని పోగు చేసి ఒకేసారి చేయడం.

వాషింగ్ మెషీన్ సగం బట్టలతో తిరిగినా దాదాపు అదే నీరు, అదే కరెంట్. రోజూ కొన్ని కాకుండా రెండు రోజులకోసారి నిండుగా వేస్తే మెషీన్‌తో పాటు మోటార్ కూడా తక్కువ నడుస్తుంది. ఎందుకంటే ఆ నీళ్లు ట్యాంకులోకి ఎక్కించింది మోటారే కదా. వేడి నీళ్ల సెట్టింగ్ ఉన్న మెషీన్లలో కరెంట్‌లో పెద్ద భాగం నీళ్లు కాయడానికే పోతుంది. మామూలు మురికికి చల్లనీళ్లు చాలు.

ట్యాంకు పొంగి పిట్టగోడ మీంచి నీళ్లు కారాక మోటార్ ఆపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఫుట్ వాల్వ్ లీకై మోటార్ నీళ్లు ఎత్తకుండా తిరగడం మరో దండగ. రెండింటికీ రిపేరు ఖర్చు తక్కువే.

ఇస్త్రీ పెట్టె వేడెక్కడానికే కొంత కరెంట్ పోతుంది. రోజూ రెండు చొక్కాలు కాకుండా వారానికోసారి అన్నీ కలిపి చేసుకోవచ్చు. చివరి రెండు పల్చటి బట్టలకు స్విచ్ ఆపేసిన తర్వాతి వేడి సరిపోతుంది.

చలికాలంలో గీజర్‌దీ ఇదే సూత్రం. నలుగురూ వరసగా స్నానం చేస్తే ఒక్కసారి కాగిన నీళ్లు ఉపయోగపడతాయి. గంటకొకరు చేస్తే నాలుగుసార్లు కాయాలి. రెండు కిలోవాట్ల గీజర్ పావుగంట నడిస్తే అర యూనిట్.

నిద్రపోని బాక్సులు

సెట్‌టాప్ బాక్స్‌ను రిమోట్‌తో ఆపితే అది నిజంగా ఆగదు. రూటర్ కూడా అంతే. రెండూ కలిపి 20 వాట్లు అనుకుంటే నెలకు 14 యూనిట్లు. టీవీ, సెట్‌టాప్ బాక్స్, రూటర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి, పడుకునే ముందు ఒక్క స్విచ్ ఆపేస్తే చాలు. రాత్రి 8 గంటలకు దాదాపు 5 యూనిట్లు మిగులుతాయి.

చిన్న లెక్కే అనిపించొచ్చు. కానీ పై స్లాబ్‌లో ఉన్న ఇంటికి ఈ 5 యూనిట్లంటే దాదాపు రూ.44.

మొత్తం కలిపితే ఎంత?

ఈ నాలుగు లైన్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవచ్చు:

- ఇప్పుడు: 300 యూనిట్లు.. రూ.1,673
- ఏసీ 26, తోడు ఫ్యాన్: 32 తగ్గి 268
- ఏసీకి గంట టైమర్, రాత్రి బాక్సులు ఆఫ్: మరో 25 తగ్గి 243.. రూ.1,175
- రెండు పాత ఫ్యాన్ల స్థానంలో బీఎల్‌డీసీ ఫ్యాన్లు: మరో 32 తగ్గి 211.. రూ.933

మూడో లైన్ వరకు పైసా ఖర్చు లేదు. అయినా నెలకు దాదాపు రూ.500 మిగిలాయి. నాలుగో లైన్‌కు మాత్రం కొనుగోలు అవసరం. బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లతో నడుస్తుంది. పాత 75 వాట్ల ఫ్యాన్‌తో పోలిస్తే సగానికి పైగా ఆదా. ఈ ఇంట్లో రెండు ఫ్యాన్లు కలిపి వేసవి నెలకు రూ.240 దాకా తగ్గిస్తాయి. ముందు మార్చాల్సింది ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాన్‌ను. వారానికోసారి చుట్టాలొస్తే వేసే గదిలో మార్చి లాభం లేదు. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి, కాబట్టి కొనేటప్పుడు వాట్లు, స్టార్లు రెండూ చూడాలి.

చివరికి యూనిట్లు తగ్గింది 30 శాతం. చార్జీ తగ్గింది 44 శాతం.

పగలు వాడితే బిల్లు తగ్గుతుందా?

ప్రస్తుత స్లాబ్ పద్ధతిలో తగ్గదు. బట్టలు మధ్యాహ్నం ఉతికినా, రాత్రి 9 గంటలకు ఉతికినా యూనిట్ రేటు ఒక్కటే. నెల మొత్తంలో ఎన్ని యూనిట్లు అన్నదే లెక్క. పగలు కరెంట్ చౌక అని ఎవరైనా చెబితే ముందు తమ బిల్లు చూసుకోవాలి.

అయితే రేపటి సంగతి వేరు కావచ్చు. 2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. దాని ప్రకారం స్మార్ట్ మీటర్ ఉన్నచోట రోజులో వేళను బట్టి రేటు ఉండాలి. ఎండ ఉండే గంటల్లో మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ, గిరాకీ ఎక్కువుండే గంటల్లో గృహ వినియోగదారులకు కనీసం 10 శాతం ఎక్కువ. ఏ రాష్ట్రంలో ఎప్పటి నుంచి, ఎవరికి అన్నది అక్కడి నియంత్రణ మండలి ఉత్తర్వులను బట్టి ఉంటుంది. మోటార్, వాషింగ్ మెషీన్, గ్రైండర్, ఇస్త్రీని పగటి పూటకు మార్చుకునే అలవాటు ఇప్పుడే చేసుకుంటే అప్పుడు కష్టం కాదు.

బిల్లు తగ్గకపోయినా, వేళ మార్చడం వల్ల ఊరికి ఇప్పుడే లాభం ఉంది. వీధి చివర 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం. ఒక్కో ఏసీ ఒకటిన్నర కిలోవాట్ లాగుతుందనుకుంటే 16 ఇళ్లలో ఒకేసారి ఏసీ వేస్తే అది నిండిపోతుంది. ఆ మీద ఎవరో మోటార్ వేస్తే వోల్టేజ్ పడిపోతుంది. లో వోల్టేజ్‌లో మోటార్ ఎక్కువ కరెంట్ లాగుతుంది, వేడెక్కుతుంది, వైండింగ్ కాలే ప్రమాదం పెరుగుతుంది. రీవైండింగ్ ఖర్చు ముందు నాలుగు నెలల ఆదా నిలవదు. రాత్రి 7 నుంచి 11 మధ్య మోటార్, గీజర్, ఇస్త్రీ పెట్టెకు సెలవిస్తే ఆ వీధి మొత్తానికి మేలు.

ఒకే మీటర్, రెండు వాటాలు

బాపట్ల, తెనాలి, రేపల్లె లాంటి పట్టణాల్లో ఇంటిని రెండు వాటాలు చేసి అద్దెకిచ్చి, మీటర్ మాత్రం ఒకటే ఉంచడం మామూలే. ఇక్కడ స్లాబ్ ఎదురు తిరుగుతుంది.

ఒక్కో వాటా 150 యూనిట్లు వాడిందనుకుందాం. వేర్వేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి రూ.567, ఇద్దరికీ కలిపి రూ.1,134. ఒకే మీటర్ మీద 300 అయితే రూ.1,673. అంటే ఎవరూ ఎక్కువ వాడకుండానే నెలకు దాదాపు రూ.540 అదనం. విడి వాటాకు విడి మీటర్‌కు, నిబంధనల మేరకు, దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటి యజమాని, అద్దెకున్నవారు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమిది.

తుఫాను రోజుల్లో ఇన్వర్టర్

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తీవ్ర తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఈ తీరంలో ఇన్వర్టర్ విలాసం కాదు. 150 ఏహెచ్ బ్యాటరీలో చేతికొచ్చేది సగం, అంటే 900 వాట్ అవర్లు అనుకుంటే, మూడు పాత ఫ్యాన్లు 4 గంటలు తిరుగుతాయి. అవే మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 10 గంటలు. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఆ ఆరు గంటల తేడా చిన్నది కాదు. బ్యాటరీ మళ్లీ నిండటానికి కూడా కరెంట్ కావాలి, అందులో కొంత వృథా అవుతుంది. కాబట్టి ఇన్వర్టర్ లైనుకు అవసరమైన ఫ్యాన్లు, లైట్లు, రూటర్ మాత్రమే కలపాలి.

సోలార్ పెట్టేముందు వాడకం తగ్గించాలి

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో ఇంటిపై సోలార్‌కు ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండు కిలోవాట్లకు రూ.60 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన రూ.78 వేల కేంద్ర రాయితీ ఉంది. ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే రెండు కిలోవాట్లకు నెలకు 240. మబ్బు రోజుల్లో తగ్గుతుంది.

పై ఉదాహరణలోని ఇల్లు 300 యూనిట్ల దగ్గరే ఉంటే రెండు కిలోవాట్లు చాలవు. 211కు దిగితే చాలతాయి. అంటే ముందు మెషీన్లను సర్దుకుని, తర్వాత ప్యానెల్ కొంటే ఒక కిలోవాట్ ఖర్చు తప్పుతుంది. తుఫాన్ల తీరం కాబట్టి ప్యానెల్ స్టాండ్లు, బోల్టులు గాలికి తట్టుకునేలా బిగించారో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

స్మార్ట్ ప్లగ్ కావాలా?

ఫోన్‌లోంచి ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్ గీజర్, ఏసీ లాంటి పెద్ద మెషీన్లకు పనికొస్తుంది. ఎన్ని యూనిట్లు కాలాయో చూపించే రకమైతే ఇంకా మంచిది. వాటికి 16 ఆంప్స్ ప్లగ్గే వాడాలి. 6 ఆంప్స్ ప్లగ్‌లో గీజర్ పెడితే కాలిపోతుంది.

స్మార్ట్ బల్బుల విషయంలో మాత్రం ఆలోచించాలి. ఆఫ్‌లో ఉన్నా ఫోన్ మాట వినడానికి అవి మెలకువగానే ఉంటాయి. అర వాట్ చొప్పున తిన్నా రోజుకు 12 వాట్ అవర్లు. రోజుకు రెండు గంటలే వెలిగే 9 వాట్ల బల్బు మొత్తం వాడకం 18. గోడ మీది స్విచ్‌ను మించిన స్మార్ట్ పరికరం చాలా గదులకు అక్కర్లేదు.

మీటర్ చూడటం ఇలా

రీడింగ్ తీసిన రోజు మీటర్ మీది అంకె రాసి పెట్టుకోవాలి. వారం తర్వాత మళ్లీ చూడాలి. తేడా 52 దాటిందంటే ఆ నెల 225 గీత దాటబోతోందని అర్థం. ఇంకా మూడు వారాలు చేతిలో ఉంటాయి కాబట్టి సర్దుకోవచ్చు. ఏసీ లేని ఇంటికి గీత 125 అనుకుంటే వారానికి 29.

ఏసీ ఎంత తింటోందో తెలియాలంటే పడుకునే ముందు, లేచాక రీడింగ్ చూడాలి. ఒక రాత్రి 22, మరో రాత్రి 26 పెట్టి ఫ్యాన్ తిప్పి చూస్తే తేడా మీటరే చెబుతుంది.

ఇంకో పరీక్ష. ఇంట్లో అన్నీ ఆపేసి మీటర్ మీద మినుకుమనే లైటు చూడాలి. అయినా మినుకుమంటుంటే ఏదో ఒకటి ఇంకా కరెంట్ లాగుతోంది. అన్ని ప్లగ్గులూ తీసేసినా ఆగకపోతే వైరింగ్‌లో లీకేజీ ఉండొచ్చు. తడి గోడలున్న ఇంట్లో అది బిల్లు సమస్య కాదు, ప్రాణాల సమస్య. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మీటర్, వోల్టేజ్ ఫిర్యాదులకు గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్‌ను కలవొచ్చు, లేదా 1912కు ఫోన్ చేయొచ్చు.

ఈ వారం ఒక్కటే చేయగలిగితే.. ఏసీ 26, ఫ్యాన్ రెండు. వచ్చే వారం మీటర్ చూడండి.

గమనిక: పై లెక్కలు సగటు వాట్ల ఆధారంగా వేసినవి. మెషీన్ వయసు, మోడల్, గది సైజును బట్టి మారతాయి. మీ తాజా బిల్లు మీద ఉన్న రేట్లనే పరిగణనలోకి తీసుకోండి.